నిలువు ఎలక్ట్రిక్ బేస్: వాయించేవాళ్లనీ రికార్డుల్నీ విజయనగరంలో కూర్చునే పట్టుకోవడం ఎలా

పాత రికార్డు అట్ట వెనక, పేర్ల వరసలో 'బేస్' అని ఒక్క ముక్కే ఉంటుంది. అది చెక్క డబుల్ బేసా, భుజాన తగిలించుకునే బేస్ గిటారా, లేక ఈ రెండింటికీ మధ్య పుట్టిన నిలువు ఎలక్ట్రిక్ బేసా అన్నది అట్ట అచ్చువేసినవాళ్లకు పట్టలేదు. అందుకే ఈ వాయిద్యాన్ని దాని పేరుతో వెతికితే చేతికి దొరికేది తక్కువ. వాయించిన మనిషి పేరుతో వెతకాలి, ఫొటోలో కంటితో చూడాలి, ఆ తర్వాత చెవి ఒప్పుకోవాలి. కావలసిన సామాను కూడా పెద్దగా లేదు: ఫోను, వైరున్న మంచి హెడ్‌ఫోను, ఒక రూళ్ల నోటుబుక్కు. ల్యాప్‌టాప్ ఉంటే సుఖం.

ముందు ఏ బేస్ కావాలో తేల్చుకోండి

వాయించేవాళ్లు ఈ వాయిద్యాల్ని అన్నిటినీ కలిపి పొట్టిగా 'ఈ-యూ-బీ' అంటారు, అంటే ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్. కానీ ఇందులో కనీసం మూడు వేరు వేరు కుటుంబాలున్నాయి. మూడింటినీ ఒకేసారి వెతికితే పదిరోజుల్లో విసుగొచ్చి మానేస్తారు.

1930ల్లోనే అమెరికాలో రికెన్‌బ్యాకర్, రీగల్, వేగా కంపెనీలు, సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ కరెంటుతో పలికే నిలువు బేసులు చేశారు. వాటిని పుస్తకాల్లో బొమ్మలుగా చూసి సంతోషించండి. ఫలానా పాటలో వినిపించేది అదే అని తేల్చే ఆధారం దొరకడం చాలా కష్టం, కాబట్టి మొదటి వేట అక్కడ పెట్టుకోవద్దు.

రెండోది ఆంపెగ్ కంపెనీ బేబీ బేస్. మొదలుపెట్టాల్సింది దీంతోనే. షికాగోలో డోపియెరా సోదరులు చేసిన జోర్కో అనే బేస్ హక్కులు ఆంపెగ్ కొనుక్కుంది. ఆ కంపెనీ మనిషి జెస్ ఆలివర్ దాని పికప్‌ను, అంటే అదురుని కరెంటుగా మార్చే భాగాన్ని, కొత్తగా తీర్చిదిద్దాడు. 1962లో అమ్మకానికి వచ్చి, 1970ల మొదట్లో ఆగిపోయింది. చెల్లో అంత చిన్న ప్లాస్టిక్ ఒళ్లు, దానికి పూర్తి డబుల్ బేస్ అంత పొడుగు తీగ. నాలుగు తీగల రకం బీబీ-4, ఐదు తీగలది బీబీ-5. న్యూయార్క్‌లోని క్యూబా, ప్యూర్టోరికో సంగీతబృందాలు దీన్ని పట్టుకుని వదల్లేదు. కంపెనీ చేయడం మానేసినా సల్సా అనే ఆ నాట్య సంగీతం వాయించేవాళ్లు మానలేదు. తర్వాత కాలిఫోర్నియాలో అజోలా అనే తయారీదారు అదే పద్ధతిలో మళ్లీ చేశారు. అందుకని కొత్త కాలపు వీడియోలో ఆ ఆకారం కనబడితే అది 1960ల నాటి అసలు ఆంపెగ్ అని వెంటనే రాసేసుకోకండి.

మూడోది ఒక్కొక్కరు తమ కోసం చేయించుకున్నవి, ఆ తర్వాత ఫ్యాక్టరీల్లో వచ్చినవి. జర్మనీలో ఎబర్‌హార్ట్ వేబర్ ప్రత్యేకంగా చేయించుకున్న బేస్, నెడ్ స్టైన్‌బర్గర్ ఎన్ఎస్ డిజైన్, యమహా సైలెంట్ బేస్ ఈ కోవలోవి. 'ద పోలీస్' అనే రాక్ బృందంలో ఉన్నప్పుడు స్టింగ్ వాయించిన వాన్ జాలింగె అనే డచ్చి బేస్ కూడా ఇందులోదే. ఇక్కడ బ్రాండు కన్నా మనిషే గుర్తు.

చెవిని తయారు చేసుకోవడం

సగంమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. బేస్ నాలుగు తీగలు కింది నుంచి ఇ, ఎ, డి, జి. వాటి కంపనాలు సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్. ఫోను స్పీకర్‌కి ఇవేవీ అందవు. స్వరం వెంట పుట్టే పై కంపనాలు, అంటే హరాత్మకాలు, మాత్రమే వినిపిస్తే, కింది స్వరాన్ని మెదడు తనంతట తాను ఊహించేసుకుంటుంది. స్వరం తెలుస్తుంది గాని వాయిద్యం గొంతు తెలియదు. మీకు కావలసింది ఆ గొంతే.

యూట్యూబ్‌లో 41 హెర్ట్జ్, 55 హెర్ట్జ్ పరీక్ష టోన్లు దొరుకుతాయి. మామూలు శబ్దంలో పెట్టి వినండి. 55 స్పష్టంగా, 41 కాస్త బలహీనంగానైనా వినబడితే ఆ హెడ్‌ఫోను పనికొస్తుంది. 41 దగ్గర గరగరలాడితే మార్చండి. ఫోనులోనూ ప్లేయర్‌లోనూ బేస్ బూస్ట్, డాల్బీ, త్రీడీ లాంటివన్నీ ఆపేయండి. ఇంట్లో ఊఫర్ ఉంది కదా అనకండి. గది మూలన పెట్టిన ఊఫర్ అన్ని బేసుల్నీ ఒకే మోత కింద మార్చేస్తుంది. అది పందిట్లో బాగుంటుంది, పరీక్షకి పనికిరాదు.

ఇంకో చిన్న కిటుకు. పాట వెనక సన్నగా 'హుఁ' అనే హమ్ వినబడితే దాని ఎత్తు చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60. హమ్ 50 దగ్గరుంటే చాలావరకు తప్పు మీ చార్జర్‌దో వైరుదో. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి మళ్లీ వినండి. 60 దగ్గరుంటే అది రికార్డింగులోనే ఉంది, మీరు చేయగలిగింది లేదు. 60 హెర్ట్జ్ కరెంటుకి కట్టిన పాత టర్న్‌టేబుల్‌ని 50 హెర్ట్జ్ కరెంటు మీద తిప్పి ఎక్కించిన పాటలూ నెట్‌లో తిరుగుతుంటాయి. వేగం ఆరో వంతు పడిపోయి, పాట మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. గాయకుడి గొంతు బండగా, బద్ధకంగా ఉంటే అనుమానించండి. అలాంటి ఫైలు మీద బేస్ గురించి తీర్పు చెప్పొద్దు.

మూడు గొంతుల్ని విడదీయడం

బేబీ బేస్‌లో బ్రిడ్జి, అంటే వీణవాళ్లు గుర్రం అనేది, ఒక పలకను నొక్కుతూ నిలబడుతుంది. ఆ పలక అదురుని కిందనున్న అయస్కాంతం, తీగచుట్ట పట్టుకుంటాయి. బేస్ గిటార్లో పికప్ తీగనే నేరుగా పట్టుకుంటుంది, అందుకే దానికి ఉక్కు తీగే కావాలి. బేబీ బేస్‌కి ఆ పట్టింపు లేదు, నరపు తీగ వేసినా పలుకుతుంది. ఈ ఒక్క తేడా వల్ల గొంతంతా మారిపోయింది. తీగ గీర, లోహపు మెరుపు దాదాపు ఉండవు. గుండ్రటి దెబ్బ పడి, స్వరం నిలిచినట్టే నిలిచి చప్పున తగ్గిపోతుంది. మృదంగం తొప్పి మీద అరచేతి దెబ్బ ఎరిగినవాళ్లకు పోలిక దొరికిపోతుంది. కాకపోతే ఇక్కడ ఆ దెబ్బలో స్వరస్థానం కూడా స్పష్టంగా ఉంటుంది.

చెక్క డబుల్ బేస్‌లో గాలి వినిపిస్తుంది. పెద్ద పొట్ట మోత, వేలు ఫింగర్‌బోర్డుకి తగిలిన టక్కు, పక్కన డ్రమ్ము మోగితే బేస్ మైకులోకి ఆ చప్పుడు చొరబడడం, ఇవి గుర్తులు. బేస్ గిటార్లో మెట్లుంటే జారుడు స్వరం మెట్టు మెట్టుగా తెగుతుంది.

అసలు చిక్కు మెట్లు లేని బేస్ గిటార్‌తోనే. నిలువు బేసుకీ మెట్లుండవు కదా, రెండూ వీణకన్నా ఫిడేలుకి దగ్గర. మెట్లు లేని గిటార్లో స్వరం నొక్కాక 'మ్వా' అని నోరు తెరిచినట్టు విచ్చుకుంటుంది. తీగ పొడుగు సుమారు 34 అంగుళాలు. నిలువు బేస్‌ది 41, 42 అంగుళాలు. అందువల్ల నిలువు బేస్‌లో పెద్ద జారుడుకి చెయ్యి నిజంగానే దూరం పోవాలి, ఆ ప్రయాణం చెవికి తెలుస్తుంది. జాకో పాస్టోరియస్‌ను వేబర్ పక్కన పెట్టి గంటసేపు మార్చి మార్చి వినండి. జాకో వాయించింది బేస్ గిటార్. ఈ తేడా ఒకసారి చెవికెక్కితే మళ్లీ పోదు.

కమానుతో లాగిన శబ్దం వస్తే అది బేస్ గిటార్ కాదని దాదాపు ఖాయం. కానీ అది నిలువు ఎలక్ట్రిక్ బేసే అని మాత్రం దాన్నిబట్టి చెప్పలేం. వేబర్ 1974 నాటి 'ద కలర్స్ ఆఫ్ క్లోయీ' వినేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. అందులో ఆయన బేస్‌తోపాటు చెల్లో కూడా వాయించాడు, పైగా స్టుట్‌గార్ట్ రేడియో వాద్యబృందం చెల్లోలు వరసగా ఉన్నాయి. కమాను వినిపించిన ప్రతిచోటా బేస్ అని రాసుకుంటే నోటుబుక్కంతా తప్పులే.

వెతుకులాట: ఏ మాట కొట్టాలి

'బేస్' అని కొడితే మన దగ్గర వచ్చేవి బేస్ బూస్టెడ్ డీజే పాటలు. 'బేబీ బేస్' అని ఇంగ్లీషులో కొడితే చేపపిల్లలు కూడా వస్తాయి, అక్కడ బేస్ అనేది ఒక చేప పేరు. 'ఆంపెగ్ ప్లాస్టిక్ బేస్' అంటే 1969 నాటి డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అద్దంలాంటి గిటారు వస్తుంది. అదే కంపెనీ 1966లో చేసిన అడ్డంగా పట్టుకునే బేస్ ఇంకా మోసకారి. దానికి తలదగ్గర ఫిడేలు చుట్ట ఉంటుంది, మెట్లు లేని రకమూ ఉంది. తలను మాత్రమే చూపించే ఫొటో చూస్తే నిలువు బేసే అనిపిస్తుంది. చాప్‌మన్ స్టిక్ కూడా కొందరికి నిలువు బేస్‌లా కనబడుతుంది. అది పది తీగల్ని వేళ్లతో తట్టి పలికించే వేరే వాయిద్యం.

కాబట్టి ఇలా చేయండి. 'ఆంపెగ్ బేబీ బేస్' అన్న మూడు మాటల్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. పక్కన ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పెట్టి, ఖాళీ లేకుండా 'ఫిషింగ్' అని చేర్చండి. ఇంకో మైనస్‌తో 'బూస్టెడ్'. చెత్త చాలావరకు పోతుంది.

తర్వాత స్పానిష్. ఈ వాయిద్యం బతికింది ఎక్కువగా ఆ భాష మాట్లాడే ఊళ్లలోనే, ఇంగ్లీషు పేజీల్లో లేనిది అక్కడ ఉంటుంది. బేస్‌ని వాళ్లు 'బాహో' అంటారు, రాసేది మాత్రం బి-ఏ-జె-ఓ. వాయించేవాడు 'బహిస్తా', బి-ఏ-జె-ఐ-ఎస్-టి-ఏ. వాయించే పద్ధతి 'తుంబావ్', టి-యు-ఎమ్-బి-ఏ-ఓ. 'బేబీ బేస్' మాట వాళ్లూ ఇంగ్లీషులోనే రాస్తారు, కాబట్టి 'బహిస్తా'తో కలిపి కొట్టండి. 'బాహో' ఒక్కటే కొట్టొద్దు. ఆ మాటకి 'పొట్టి', 'కింద' అనే అర్థాలు కూడా ఉన్నాయి, అనువాద యంత్రం బేస్ వాయించేవాణ్ణి పొట్టివాడిగా మార్చేయగలదు.

ఇప్పుడు మనుషుల పేర్లు. లాటిన్ బృందనాయకుడు టిటో పుయెంటే దగ్గర వాయించిన బాబీ రోడ్రిగెజ్. కొంజుంటో లిబ్రే, ఫోర్ట్ అపాచీ బృందాల ఆండీ గొంజాలెజ్, 2020లో పోయారు. వెనెజులా గాయకుడు ఆస్కార్ డి లియోన్. పాడుతూ, అడుగులేస్తూ, పక్కనే నిలువు బేస్‌ను తిప్పుతూ వాయించే మనిషి ఈయన. కంటికి ఆధారం కావాలంటే ఈయన స్టేజి వీడియోలతోనే మొదలుపెట్టండి, వాయిద్యం మొత్తం కనబడుతుంది. బాబీ రోడ్రిగెజ్ దగ్గర ఒక జాగ్రత్త: అదే పేరుతో వేణువు వాయించే ఇంకో బృందనాయకుడు ఉన్నాడు, 'లా కొంపానియా' అనే బృందం ఆయనది. ఇద్దరి రికార్డులూ కలిసిపోయి కనబడతాయి. ఇంకో జాగ్రత్త కచావో పేరు దగ్గర. క్యూబా బేస్ అనగానే అందరూ ఆ పేరే చెబుతారు, కానీ ఆయన పేరు నిలిచింది ప్రధానంగా చెక్క బేస్ మీద.

జాజ్ వైపు దారి సులువు. వేబర్ పేరు డబ్ల్యూ-ఇ-బి-ఇ-ఆర్ అని కొట్టండి. 1977లో గిటారిస్టు పాట్ మెథినీ ఆల్బమ్ 'వాటర్‌కలర్స్'లో ఉన్నాడు. ఇంగ్లండ్ గాయని కేట్ బుష్ 1982, 1985 ఆల్బమ్‌లలో కొన్ని పాటలకి బేస్ పట్టాడు. పాటల మధ్య ఆ గొంతు చప్పున వేరుగా తెలుస్తుంది కాబట్టి చెవి పరీక్షకి ఇవి బాగా పనికొస్తాయి. 2007లో పక్షవాతం వచ్చాక ఆయన వాయించలేకపోయాడు. సాక్సఫోన్ వాద్యకారుడు యాన్ గర్బారెక్ బృందంతో కచేరీల్లో వాయించిన ఒంటరి బేస్ భాగాల్ని తీసుకుని, వాటిమీద కొత్తగా కూర్చి 2012లో 'రెజ్యూమే' అని విడుదల చేశాడు. వాయిద్యం దాదాపు విడిగా వినాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఎన్ఎస్ డిజైన్ కోసమైతే టోనీ లెవిన్ పేరుతో వెతకండి. ఆయన స్టిక్ కూడా వాయిస్తాడు, బేస్ గిటారూ వాయిస్తాడు, కాబట్టి పాటపాటకీ చూసుకోవాలి.

అట్ట, ఫొటో, తేదీ

డిస్కాగ్స్ అనే సైటులో దాదాపు ప్రతి రికార్డు ముద్రణకీ వేరు పేజీ ఉంటుంది. పాట పేరు చూసి వచ్చేయకుండా మూడు పనులు చేయండి. వాయించినవారి పేర్లలో బేస్ దగ్గర ఏం రాశారో చూడండి. అట్ట వెనకవైపు ఫొటో ఉంటే పెద్దది చేసి చదవండి, ఎక్కించినవాళ్లు వదిలేసిన మాట అట్ట మీద ఉండొచ్చు. అదే రికార్డు వేరే దేశపు ముద్రణలు ఉంటే వాటినీ తెరవండి, తర్వాత వచ్చిన సీడీల్లో పేర్లు వివరంగా వేయడం మామూలే. క్యూబా, లాటిన్ సంగీతానికి మయామీలోని ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీలో డియాజ్-అయాలా సేకరణ ఉంది, ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

తేదీ పెద్ద జల్లెడ. 1962కి ముందు రికార్డు చేసిందైతే అది ఆంపెగ్ బేబీ బేస్ కాదు, అంతే. కానీ అట్ట మీద ఉన్నది విడుదల ఏడాది. 1950ల పాటల్ని 1965లో మళ్లీ వేసి ఉండొచ్చు. రికార్డు చేసిన ఏడాది దొరకనప్పుడు గడి ఖాళీగా ఉంచండి.

వీడియోలో చూడాల్సినవి: నేలకి ఆనిన ఒంటి కాలు, చెల్లో అంత ఒళ్లు, పైన చుట్ట, బిరడల లెక్క, ముఖ్యంగా వైరు. పాత టీవీ కార్యక్రమాల్లో రికార్డు వేసేసి స్టేజి మీద ఉత్తినే చేతులాడించడం రివాజు. బేస్ నుంచి వైరు బయటికి రాకపోతే, పాట రికార్డుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతే, చేతిలో ఉన్నదీ చెవికి వినబడేదీ ఒకటే అనుకోవద్దు. అనుమానమున్న చోట వీడియోని పావు వేగానికి తగ్గించి, జారుడు స్వరం దగ్గర ఎడమచెయ్యి కదలిక చూడండి. చెయ్యి ఆగాక స్వరం జారుతూ ఉంటే అది నటన.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి, 250 హెర్ట్జ్ పైన అంతా తగ్గించి వినవచ్చు, బేస్ నడక విడిగా తేలుతుంది. ఒక స్థాయి పైకి, అంటే 12 స్వరస్థానాలు పెంచితే 41 కాస్తా 82 అవుతుంది, చిన్న స్పీకర్‌లోనూ అందుతుంది. నడక రాసుకోవడానికే ఇది. పెంచిన ఫైలు విని 'ఇది బేబీ బేస్ గొంతే' అనకండి, గొంతు అప్పటికే మారిపోయింది.

నోటుబుక్కు

ఒక్కో పాటకి ఒక్క వరస. రికార్డు చేసిన ఏడాది, విడుదల ఏడాది, ఆల్బమ్, వాయించినవారు, బేస్ బాగా వినబడే నిమిషం-సెకను, ఆధారం, నమ్మకం. చివరి గడిలో మూడే మాటలు: రూఢి, బహుశా, వట్టిమాట. ఒక వరస ఇలా వస్తుంది:

1973 డిసెంబరు / 1974 / ద కలర్స్ ఆఫ్ క్లోయీ / వేబర్ / (మీరు విన్న నిమిషం) / అట్ట మీద పేరు, చెవి. కమాను ఉన్నచోట చెల్లో / రూఢి

'రూఢి' అనడానికి రెండు వేరు వేరు ఆధారాలు కావాలి: చెవి, దానితోపాటు ఫొటోనో అట్ట మీద మాటో వాయించినవారి మాటో. ఒకే వాక్యం నాలుగు సైట్లలో కనబడితే అది నాలుగు ఆధారాలు కాదు, ఒకరిని చూసి ఒకరు రాసుకున్నది.

పాత ఎల్పీ కొని తెప్పించుకోవాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో వద్దు. పార్సిలు ఎండలో పడి ఉంటే పళ్లెం వంగిపోతుంది, వంగిన పళ్లెం మీద పాట సరిగా పలకదు. పంపేవాళ్లని రెండువైపులా గట్టి అట్టలు పెట్టమనండి. కస్టమ్స్ సుంకం వేరు.

వాయించేవాళ్లకి రాయడం

బతికున్న వాద్యకారులకి సొంత పేజీలుంటాయి. 'మీ అభిమానిని, మీ గురించి చెప్పండి' అని రాస్తే జవాబు రాదు. ఒక పాట, ఒక నిమిషం-సెకను, ఒక ప్రశ్న. ఉదాహరణకి: 'ఫలానా పాటలో రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర వాయించింది బేబీ బేసా, చెక్క బేసా?' జవాబు వచ్చాక రెండోది అడగండి: ఏ తీగలు, ఉక్కువా నరపువా? మూడోది: స్టూడియోలో నేరుగా మిక్సింగ్ బోర్డుకి కలిపారా, ఆంప్లిఫయర్ ముందు మైకు పెట్టారా? గొంతు మారడానికి ఈ రెండూ పెద్ద కారణాలు కాబట్టి అడగడంలో అర్థం ఉంది. వాద్యకారుడు పోయి ఉంటే అదే బృందంలోని పియానో, కాంగా డ్రమ్ము వాళ్లకి రాయండి. పక్కన నిలబడ్డవాళ్లకి పక్కవాడి చేతిలో ఏముందో గుర్తుంటుంది. స్పానిష్‌కి మార్చేటప్పుడు పొట్టి వాక్యాలు రాయండి, 'బేబీ బేస్' మాటని అనువదించకుండా ఉంచండి.

ఫోనుకి ఒప్పుకుంటే వేళ చూసుకోండి. ప్యూర్టోరికో, వెనెజులా మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక, కొలంబియా పదిన్నర. న్యూయార్క్ ఎండాకాలంలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. పొద్దున్నే లేచి ఫోన్ చేస్తే వాళ్లు రాత్రి కచేరీలో ఉంటారు. మన రాత్రి ఎనిమిదిన్నరకి శాన్‌హువాన్‌లో పగలు పదకొండు, అది మంచి వేళ.

ఇక్కడి మనుషుల సాయం

మన విజయనగరం, విశాఖ వైపు బేబీ బేస్ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ మీకు కావలసింది రెండో చెవి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా మేనేజరుని 'బాబాయ్, మీ ట్రూపులో బేస్ ఎవరు కొడతారు?' అని అడిగితే, 'బేస్ గిటారా? అదేటి, కీబోర్డు కుర్రోడే ఎడం చేత్తో ఏసేస్తాడు' అంటాడు. నిజంగా బేస్ గిటార్ పట్టే కుర్రాళ్ల కోసం చర్చిల్లో వెతకండి. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లండి, డిసెంబరులో మాత్రం కేరల్స్ హడావిడిలో ఎవరూ దొరకరు. దసరా తర్వాత పైడితల్లి సిరిమాను రోజుల్లో విజయనగరంలో స్టేజీ కచేరీలు జరుగుతాయి, వచ్చిన బృందాల్లో బేస్ గిటార్ ఉందేమో స్టేజి పక్కకెళ్లి చూడండి. విశాఖలో నౌకాదళం బ్యాండు బహిరంగంగా వాయించినప్పుడు నిలువు చెక్క బేస్ ఉందేమో కూడా గమనించండి. అసలుది ఒకసారి దగ్గర్నుంచి వింటే పోల్చుకోవడానికి కొలత దొరుకుతుంది.

కమాను, మెట్లు లేని ఫింగర్‌బోర్డు విషయంలో సందేహముంటే ఫిడేలు వాళ్లని మించినవాళ్లు లేరు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన సంగీత కళాశాల మన ఊళ్లోనే ఉంది, 1919 నుంచి నడుస్తోంది. అక్కడ చదివిన మాస్టారు ఎవరికైనా జారుడు స్వరాలున్న ముప్పై సెకన్ల ముక్క వినిపించి, 'మాస్టారూ, ఇక్కడ వేలు జారిందా, వేలు మార్చారా?' అని అడగండి. పాట మొత్తం వినిపించకండి, డ్రమ్ముల మీదకి దృష్టి పోతుంది. ఒక సంగతి ముందే చెప్పండి: వాళ్ల ఫిడేలు స-ప-స-ప శ్రుతిలో ఉంటుంది, బేస్‌లో ఒక్కో తీగా కింది తీగకి శుద్ధ మధ్యమం. చెప్పకపోతే వేళ్ల లెక్క తప్పి, 'ఇలా జారడం కుదరదు' అనేస్తారు.

బేస్ గిటార్ కుర్రాడు దొరికితే అతని చేత తుంబావ్ వేయించుకోండి. ఒకసారి చేత్తో వేస్తే రికార్డులో దాన్ని పట్టుకోవడం పదిరెట్లు తేలిక. ఆదితాళంలా ఎనిమిది లెక్కపెట్టండి. దెబ్బలు నాలుగో అక్షరం మీద, ఏడో అక్షరం మీద, రెండే. ఏడో దెబ్బకి వచ్చే స్వరం రాబోయే ఆవర్తానికి చెందింది, ముందే వచ్చి కూర్చుంటుంది. అతీత గ్రహం తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. సినిమా పాటలకి అలవాటుపడ్డ చెయ్యి మాత్రం ప్రతిసారీ ఒకటో అక్షరం మీద పడిపోతుంది. పడిన ప్రతిసారీ ఆపి, ఆ ఒకటిని కాలితో నేలమీద వేయమనండి, వేలితో కాదు.